బేస్‌మెంట్ మెట్ల మీద పదకొండు నిమిషాలు

అశోక్ నగర్‌లో డ్యూటీకి రిపోర్ట్ చేసింది ఒక సోమవారం ఉదయం, 8:50కి. ముసురు పట్టింది. రోడ్డు మీద నీళ్లు చీలమండల దాకా ఉన్నాయి. భుజానికి కిట్ బ్యాగు. అందులో హెల్మెట్, టార్చి, ప్రెషర్ గేజ్, స్టాప్‌వాచ్, రెండు రిజిస్టర్లు, ఒక జత సాక్సులు. మా ఇల్లు నల్లకుంటలోనే. నడిస్తే అరగంట. అయినా సాక్సులు పెట్టుకున్నాను. పందొమ్మిదేళ్ల అలవాటు.

ఆ పందొమ్మిదేళ్లు సైన్యంలో, ట్యాంకుల వర్క్‌షాపులో చేశాను. హవల్దార్‌గా దిగిపోయాను. పెళ్లిళ్లకు వెళితే అందరూ రాజస్థాన్ ఎడారి గురించి అడుగుతారు. సరిహద్దు గురించి అడుగుతారు. చెబుతాను. కుర్చీలు దగ్గరికి జరుపుకుని వింటారు. అశోక్ నగర్ గురించి ఇంతవరకు ఎవరూ అడగలేదు. అది పది వారాల పోస్టింగ్. నా సర్వీసు మొత్తంలో మనిషిని పోగొట్టుకుంది అక్కడే.

బిల్డింగు ఐదంతస్తులు. చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, జిరాక్స్ షాపులు. మూడు అంతస్తుల్లో ఆన్‌లైన్ పరీక్షలు పెడతారు. గవర్నమెంటు ఉద్యోగాల కోసం చదివే పిల్లలు అక్కడికొచ్చి కంప్యూటర్ల ముందు కూర్చుని రాస్తారు. ఆ కంప్యూటర్లన్నిటికీ ప్రాణం బేస్‌మెంట్‌లో ఉంది. ఒక సర్వర్ గది, దాని పక్కన బ్యాటరీల గది. గేటు నుంచి కిందికి పద్నాలుగు మెట్లు. మెట్ల చివర బ్యాటరీల గది ఇనుప తలుపు. తలుపుకు జానెడు అద్దం. కిటికీలు లేవు.

అక్కడ నిప్పంటుకుంటే నీళ్లు కొట్టడానికి లేదు. మిషన్లు పోతాయి. అందుకని గ్యాస్. సిలిండర్ల నుంచి పైపుల్లో గ్యాస్ వచ్చి గదిని నింపుతుంది. గాలిని నెట్టేస్తుంది. మంట ఊపిరాడక చస్తుంది. లోపల మనిషి ఉంటే మనిషి పరిస్థితీ అంతే. మనిషి కొన్ని నిమిషాలు తట్టుకోగలిగే గ్యాసులు కూడా ఉన్నాయి. ఆ పరీక్షా కేంద్రం ఓనరు ఎంచుకున్నది కార్బన్ డయాక్సైడ్.

ట్యాంకులో మా వీపుల వెనక కూడా గ్యాస్ సిలిండర్లే ఉండేవి. వాటి పని నాకు తెలుసు. అందుకే అక్కడ గ్యాస్ పైపులు బిగిస్తున్న కాంట్రాక్టరు నన్ను తీసుకున్నాడు. హోదా సేఫ్టీ సూపర్‌వైజర్. పని ఒక్కటే. ప్రతి పైపు, ప్రతి వైరు, ప్రతి సిలిండరు నిబంధనల ప్రకారం ఉందో లేదో చూడాలి. ఉంటే సంతకం పెట్టాలి. నా సంతకం లేకుండా సర్టిఫికెట్ రాదు.

మొదటి రోజే ఫిట్టర్‌ను కలిశాను. నలభై ఏళ్లుంటాయి. పేరు ఆంజనేయులు. పాలమూరు నుంచి వచ్చి బాగ్ లింగంపల్లి దగ్గర బస్తీలో ఉంటున్నాడు. తక్కువ మాట్లాడతాడు. పైపు మర వేసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. మర పూర్తయ్యాక వదిలేవాడు. మూడో వారం ప్రెషర్ టెస్టు చేశాం. ఉదయం 9:30కి గాలి ఎక్కించాం. గేజ్ ముందు ఇద్దరం ఇటుకల మీద కూర్చున్నాం. 11:30కి చూస్తే ముల్లు ఉన్నచోటే ఉంది.

"జర కూడా దిగలె సారూ," అన్నాడు.

"దిగలె," అన్నాను.

ఆ రోజు చాయ్ అతనే తెప్పించాడు.

అతని భార్య నర్సమ్మ. అదే బిల్డింగులో ఊడ్చే తుడిచే పని. పొద్దున ఏడింటికి ఇద్దరూ కలిసి వచ్చేవాళ్లు. ఆమె పై అంతస్తుల్లో మొదలుపెట్టి పది గంటలకల్లా కిందికి దిగేది. మనిషి చురుకు. నోరు అంతకన్నా చురుకు. మొగుడు పైపు బిగిస్తుంటే పక్కనుంచి పోతూ, "ఆ పైపును జూసినట్టు ఒక్కనాడన్న నన్ను జూసినవా?" అనేది. అతను తల ఎత్తకుండా నవ్వేవాడు.

రేడియో సెట్లు మూడు ఉండేవి. ఒకటి నాది, ఒకటి ఫిట్టర్‌ది, ఒకటి గేటు దగ్గర సెక్యూరిటీది. సెక్యూరిటీ అరవైకి దగ్గరపడ్డ మనిషి. సెట్ చేతికిచ్చిన రోజు నుంచి అతను మామూలుగా మాట్లాడటం మానేశాడు.

"హవల్దార్ సాబ్, మేనేజర్ సాబ్ కార్ దిగిండు. మూడ్ ఖరాబున్నది. ఓవర్."

మేనేజరు ఆ పరీక్షా కేంద్రం నడిపేవాడు. ముప్పై అయిదేళ్లు. చెడ్డవాడని చెప్పను. పరేషాన్‌లో బతికేవాడు. పరీక్ష సమయానికి మొదలుకాకపోతే అతనికి ఫోన్లు. కరెంటు పోతే ఫోన్లు. ఓనరు రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసి, సర్టిఫికెట్ ఎప్పుడని అడిగేవాడు.

మా గొడవ సైరన్ దగ్గర మొదలైంది. గ్యాస్ వదిలే ముందు సైరన్ మోగాలి. మోగిన ముప్పై సెకన్ల తర్వాతే గ్యాస్ రావాలి. ఆ ముప్పై సెకన్లు లోపలి మనిషివి. ఆరో వారం బ్యాటరీల గదిలో సైరన్ బిగించి మోగించాను. మూడో అంతస్తు దాకా వినపడింది. ఐదు నిమిషాల్లో మేనేజరు మెట్లు దిగి వచ్చాడు.

"ఏంది సాబ్ ఇది? పైన పిల్లలు ఎగ్జామ్ రాస్తున్నరు. సగం మంది లేచి నిలబడ్డరు. కంప్లైంట్ అయితది."

"మోగాల్సింది గట్లనే మోగుతది."

"బయట పెట్టుండ్రి. గేటు కాడ. లోపల వద్దు."

"లోపల ఉన్నోనికి చెప్పనీకే గదా సైరన్. గేటుకు ఎందుకు?"

"మీరు ఆర్మీ నుంచి వచ్చిండ్రు, సమజ్ కాదు మీకు. ఇది సెంటర్."

లోపలే ఉంచాను. రిజిస్టర్‌లో రాసి అతని సంతకం తీసుకున్నాను. ఇంకో నిబంధన కూడా రాశాను. పని పూర్తయ్యేదాకా సిలిండర్ల తలల్లో పిన్నులు ఉండాలి. పిన్ను ఉంటే గ్యాస్ కదలదు. సిలిండర్ల గదికి తాళం వేయాలి. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

తర్వాత కింద పనిచేసే వాళ్లందరికీ డ్రిల్ పెట్టాను. సర్వర్ చూసే ఇద్దరు, ఏసీ మెకానిక్, నర్సమ్మ. వరసగా నిలబెట్టి చెప్పాను. వాసన రాదు, మంట కనపడదు, సైరన్ ఒక్కటే గుర్తు. వినపడగానే తలుపు, మెట్లు, గేటు. ఇంకేం ఆలోచించొద్దు. సర్వర్ వాళ్లు ఫోన్లు చూసుకుంటూ విన్నారు. నర్సమ్మ మాత్రం ఒక ప్రశ్న అడిగింది.

"మళ్ల ఎప్పుడు లోపలికి రావాలె సారూ?"

"నేను చెప్పినంక."

"నువ్వు ఊర్ల లేకపోతే?"

"రావొద్దు."

"మంచిగుంది. ఆ దినం పని ఎగ్గొట్టొచ్చు."

సైరన్ మోగించాను. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పరిగెత్తింది. బ్యాటరీల గది చివర నుంచి గేటు దాకా. పైన నిలబడి ఆయాసపడుతూ నవ్వుతోంది. స్టాప్‌వాచ్ చూశాను. పందొమ్మిది సెకన్లు. సర్వర్ వాళ్ల కంటే నాలుగు సెకన్లు ముందు. ఆ సంగతి చెబితే మొగుడి వైపు చూసింది. "వింటున్నవా?" అంది.

పందొమ్మిది సెకన్లు అని రిజిస్టర్‌లో రాశాను. ఆ పేజీ ఇంకా ఉంది.

తొమ్మిదో వారం. గురువారం. ఉదయం ఆకాశం నల్లగా ఉంది, వాన లేదు. ఆ రోజు పదింటికి పరీక్ష. పన్నెండింటికి ఇన్సూరెన్స్ వాళ్లు చూడటానికి వస్తారని మేనేజర్ ముందు రోజే చెప్పాడు. నాకు ఇంకా ఒక పని మిగిలింది. హెచ్చరిక బోర్డులు. కాంట్రాక్టరు పంపినవి ఇంగ్లిషులో ఉన్నాయి. కింద పనిచేసే వాళ్లలో సగం మందికి ఇంగ్లిషు రాదు. నర్సమ్మకు తెలుగు కూడా చదవరాదు. తెలుగు అక్షరాలు, పక్కన పరిగెత్తే మనిషి బొమ్మ, ఈ రెండూ వేసిన బోర్డులు నారాయణగూడలో ఒక ప్రింటింగ్ ప్రెస్‌కు ఇచ్చాను. అవి ఆ రోజు తెచ్చుకోవాలి.

10:25కి బయలుదేరుతుంటే మేనేజరు అడ్డం వచ్చాడు.

"సాబ్, సిలిండర్ రూమ్ చాబీ ఇచ్చి పోండ్రి. వాళ్లు జల్ది వస్తే తలుపు తీసి చూపియ్యాలె గదా."

"పన్నెండింటికి గదా. నేను గంటల వస్తున్న."

"ముందే వస్తే? బయట నిలబెట్టాల్నా? జస్ట్ చూపిస్త సాబ్. చెయ్యి పెట్టను. ఒట్టు."

సైన్యంలో తాళంచెవి ఇవ్వడానికి ఒక పుస్తకం ఉంటుంది. ఇచ్చినవాడు, తీసుకున్నవాడు, టైమ్, సంతకం. కమాండింగ్ ఆఫీసర్ అడిగినా పుస్తకం చూపిస్తాం. ఆ రోజు నా రిజిస్టర్ బ్యాగులో ఉంది. బ్యాగు భుజాన ఉంది. జిప్ తీయడానికి బద్ధకించాను. వాన వచ్చేలోపు వెళ్లి రావాలనుకున్నాను. తాళంచెవి అతని చేతిలో పెట్టాను.

తర్వాత ఏం జరిగిందో ఎంక్వైరీలో తేలింది. నేను చూడలేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

పిన్నులు ఉంటే కంట్రోల్ పానెల్ మీద పసుపు లైటు వెలుగుతుంది. సిస్టమ్ సిద్ధంగా లేదని అర్థం. ఇన్సూరెన్స్ వాళ్లకు పచ్చ లైటు చూపించాలి. 10:50కి మేనేజరు పిన్నులు పీకించాడు. పచ్చ లైటు వచ్చింది. పరీక్షకు ముందే, 9:45కి, సైరన్ వైరు తీయించి ఉన్నాడు. అది నాకు తెలియదు. వైరుకు టేపు చుట్టి, ఎగ్జామ్ అయ్యాక కలపాలి అని పెన్నుతో రాశాడు. ఏసీ మెకానిక్‌ను పిలిచి, బ్యాటరీల గది బయట ఊగుతున్న పైపు ఒకటి గోడకు బిగించమన్నాడు. నర్సమ్మను పిలిచి, పెద్దవాళ్లు వస్తున్నారు, కింద మంచిగా తుడవమన్నాడు. ఫిట్టర్‌ను చిక్కడపల్లికి క్లాంపులు తెమ్మని పంపాడు.

మెకానిక్ డ్రిల్లింగ్ మిషన్‌తో గోడకు బెజ్జాలు వేశాడు. సిమెంటు దుమ్ము లేచి ఫాల్స్ సీలింగ్ సందులోంచి బ్యాటరీల గదిలోకి పోయింది. పొగ పసిగట్టే డిటెక్టర్లకు దుమ్ముకూ పొగకూ తేడా తెలియదు. అతను పని ముగించుకుని పైకి వెళ్లిపోయాడు. 11:27కి పానెల్ లెక్క మొదలుపెట్టింది. ముప్పై సెకన్లు ఆగింది. నేను పెట్టిన ముప్పై సెకన్లే. ఒక్క సెకను తేడా రాలేదు. ఆ ముప్పై సెకన్లూ లోపల చప్పుడు లేదు. నర్సమ్మ తుడుస్తూనే ఉంది.

అప్పటికి నేను బోర్డులు చంకలో పెట్టుకుని చిక్కడపల్లి మలుపు దాటాను. సెట్‌లో గరగర వచ్చింది.

"హవల్దార్ సాబ్! హవల్దార్ సాబ్! కింద ఏందో పెద్ద సప్పుడైంది. తెల్లగ పొగొస్తుంది."

ఓవర్ అనలేదు. అప్పుడే నాకు అర్థమైంది.

"గేట్, కింద ఎవరున్నరు?"

"నర్సమ్మ సాబ్. నర్సమ్మ ఇంక పైకి రాలె."

"ఎవర్ని దిగనియ్యకు. నువ్వు కూడ దిగకు. ఫైర్ వాళ్లకు ఫోన్ చెయ్యి. ఊపిరి సిలిండర్లు తెమ్మను. గ్యాస్ అని చెప్పు."

బోర్డులు ఎక్కడ పడేశానో గుర్తులేదు. 11:36కి గేటు చేరాను. ఫోన్ చేశానన్నాడు సెక్యూరిటీ. పైనున్న పిల్లల్ని బయటికి పంపమని అతనికి చెప్పి మెట్లు దిగాను. అడుగు మెట్టు మీదే చలి తగిలింది. ఊపిరి బిగబట్టి తలుపు తోశాను. అంతా తెలుపు. చెయ్యి చాపితే చెయ్యి కనపడలేదు. గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేశాను. బ్యాటరీల స్టాండు నుదుటికి కొట్టుకుంది. పిలుద్దామంటే నోరు తెరవకూడదు. మనసులో ఇరవై లెక్కపెట్టి వెనక్కి వచ్చాను. తలుపు దానంతటదే మూసుకుంది. మళ్లీ వెళ్లాను. ఈసారి వంగి నేల తడిమాను. బకెట్ తగిలింది. మనిషి తగల్లేదు. తిరిగి వస్తూ తలుపు దగ్గర అరగుక్క పీల్చాను. అంతే. మోకాళ్లు మడతపడ్డాయి. ఎలా బయటపడ్డానో తెలియదు. మూడో మెట్టు మీద చేతులు ఆనించి ఉన్నాను. చెవుల్లో హోరు.

11:39కి ఫిట్టర్ వచ్చాడు. పై నుంచి పరిగెత్తుకుంటూ దిగుతున్నాడు. చేతిలో క్లాంపుల సంచి.

"నర్సి ఏడున్నది?"

అతను నన్ను దాటబోయాడు. నడుము చుట్టూ చేతులు వేసి పట్టుకున్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గ్యాస్ నిండిన గదిలో ఒకడు పడిపోతే, వాడిని తీయడానికి పోయిన రెండోవాడు పడతాడు. వాడి కోసం మూడోవాడు. ఇది పుస్తకంలో రాసి ఉంది. ట్యాంకుల వర్క్‌షాపులో నేనే కొత్తవాళ్లకు చదివి వినిపించేవాడిని. ఊపిరి సిలిండర్లు లేకుండా ఎవరినీ లోపలికి పంపకూడదు. మా దగ్గర అవి లేవు. నాలుగో వారం నుంచి అడుగుతున్నాను. పై వారం అన్నారు.

"ఇడువు సారూ. ఇడువు."

"పోతే నువ్వు గూడ పడ్తవ్. ఫైర్ వాళ్లొస్తున్నరు."

"నా పెండ్లాం ఉన్నది లోపల!"

"తెలుసు."

"నీది గాదు. నీకేం తెలుసు?"

మోచేత్తో నా పక్కటెముకల మీద కొట్టాడు. ముంజేయి కొరికాడు. వదల్లేదు. అతను నా కంటే బలమైనవాడు, రోజంతా పైపులు మోసేవాడు. కానీ మనిషిని పట్టి ఉంచడం నాకు నేర్పారు. మెట్ల మీద కూలబడి అతన్ని నా ఒళ్లో బిగించాను. కొంతసేపు అరిచాడు. కొంతసేపు బతిమాలాడు. "ఒక్క నిమిషం సారూ. ముక్కు మూసుకుంట. ఒక్క నిమిషం పోయొస్త." చివరికి బరువు మొత్తం నా మీద పడేశాడు.

అతన్ని వదిలి నేను మూడోసారి పోవచ్చు. వదిలితే అతను నాకన్నా ముందు పోతాడు. చేతులు రెండే ఉన్నాయి. నేను లెక్క వేసుకుని ఉండిపోయాను.

11:50కి ఫైర్ వాళ్లు దిగారు. వీపున సిలిండర్లు, ముఖాలకు మాస్కులు. రెండు నిమిషాల్లో ఆమెను తెచ్చారు. బ్యాటరీల వెనక, గది చివర ఉందట. నేను తడిమింది ఇటువైపు. అంబులెన్స్ ఎక్కించారు. ఆసుపత్రిలో ఎక్కువసేపు పట్టలేదు.

సాయంత్రం ఆసుపత్రి వరండాలో అతని పక్కన కూర్చున్నాను. డాక్టర్ నాతో అన్న మాట అతనికి చెప్పాను. మొదటి నిమిషంలోనే అయిపోయిందట. మనం వచ్చేసరికే లేదట.

"నువ్వు జూసినవా?" అన్నాడు.

"డాక్టర్ చెప్పిండు."

"డాక్టర్ ఆడ ఉన్నడా?"

తర్వాత తన చేతుల వైపు చూసుకుంటూ అన్నాడు:

"ఏడ లీక్ గాలె సారూ. నేను బిగించిన పైపు ఏడ లీక్ గాలె."

అతను నాతో మాట్లాడిన చివరి మాట అదే. ఆమెను ఊరికి తీసుకుపోయాడు. తిరిగి రాలేదు. నెలకోసారి ఫోన్ చేసేవాడిని. రింగ్ అయ్యేది. ఇప్పుడు ఆ నంబరు పనిచేయడం లేదు.

ఎంక్వైరీలో నన్ను రెండు ప్రశ్నలు అడిగారు. తాళంచెవి ఎవరిచ్చారు? నేను. రాసుకున్నారా? లేదు. మేనేజరు అవతలి కుర్చీలో ఉన్నాడు. "సాబ్ చాబీ ఇచ్చిండు కాబట్టే తీసిన," అన్నాడు. అబద్ధం కాదు. సైరన్ తీయమని ఓనరు నోటిమాటగా చెప్పాడన్నాడు. ఓనరు తనకు గుర్తులేదన్నాడు. మేనేజర్ ఉద్యోగం పోయింది. కేసు నడుస్తోంది. ఓనరు ఇంకో సెంటర్ తెరిచాడని విన్నాను.

ఒక సంగతి నాకు ఇప్పటికీ మింగుడుపడదు. సంఘటన తర్వాత తొమ్మిది రోజుల్లో అన్నీ వచ్చాయి. లోపల రెండు సైరన్లు. తిరిగే ఎర్ర లైటు. కింది గ్యాస్ లాగి పారేసే ఫ్యాను. తలుపు పక్కన గోడకు రెండు ఊపిరి సిలిండర్లు. తాళంచెవికి పుస్తకం. తెలుగు బోర్డులు మళ్లీ అచ్చు వేయించారు. నాలుగో వారం నుంచి నేను అడుగుతున్నవన్నీ తొమ్మిది రోజుల్లో వచ్చాయి. తనిఖీ చేయమని నన్నే పిలిచారు. పై నుంచి కింద దాకా చూశాను. ఒక్క తప్పు దొరకలేదు. దొరికితే బాగుండుననుకున్నాను. పాటించని నిబంధన ఒక్కటీ మిగల్లేదు. సంతకం పెట్టాను. ఆ సర్టిఫికెట్ ఇప్పుడు గేటు లోపల గోడకు అద్దం ఫ్రేములో ఉంది. కింద నా పేరు, నా పాత ర్యాంకు.

ఆ రోజే బ్యాగు సర్దుకున్నాను. సెట్ సెక్యూరిటీకి ఇచ్చేశాను. అతను లేచి సెల్యూట్ చేశాడు. నేను తిరిగి చేయలేదు. ఇంటికి నడిచి వెళ్లాను. 1:10కి చేరాను. నా భార్య బ్యాగు అందుకుని, "అయిపోయిందా డ్యూటీ? కాళ్లు కడుక్కోండి, అన్నం పెడుత," అంది. ముంజేతి మీద కొరికిన గాటు ఇంకా మానలేదు. పసుపు తెచ్చి మళ్లీ రాసింది.

తర్వాత ఇంకెక్కడా సంతకం పెట్టలేదు.

ఆ మెట్ల మీద అతన్ని పట్టుకుని కూర్చున్నప్పుడు నా ముఖం తలుపు వైపు ఉంది. అతని ముఖం నా భుజంలో ఉంది. అతను చూడలేదు. తలుపు అద్దంలోంచి నేను చూశాను. మొదట అంతా తెలుపు. నాలుగైదు నిమిషాలకు పై నుంచి పలచబడింది. ముందు ట్యూబ్‌లైటు కనపడింది. తర్వాత బ్యాటరీల స్టాండు పైవరస. నడుము కింద మాత్రం తెల్లగా, కదలకుండా, నిండిన తొట్టిలా ఉంది. ఆ తెలుపులోంచి మాపు కర్ర ఒకటి పైకి నిలబడి ఉంది. పడిపోలేదు. విసిరేసినట్టు లేదు. స్టాండు మూలకు, జారకుండా, సరిగ్గా ఆనించి ఉంది. ఏదో తేడాగా అనిపించి, ఒక క్షణం ఆగి, పనిముట్టు జాగ్రత్తగా పక్కన పెట్టి, ఏమైందో చూద్దామని లోపలి వైపు నడిచిన మనిషి పెట్టినట్టు.

ఆరు నిమిషాలు నేను ఆ కర్రనే చూస్తూ కూర్చున్నాను.